పాకిన పిత్తాశయ క్యాన్సర్‌లో గడ్డలు తీయడం: కోతకు ముందు ఆరు నెలలు

స్కాన్ రిపోర్టు చివర్లో ‘లివర్‌లో రెండు చిన్న మచ్చలు, పాకినవి కావచ్చు’ అన్న ఒక్క ముక్క ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని వచ్చిన ఇంటివాళ్లు అడిగేది కూడా ఒకటే: ‘సార్, ఎలాగూ గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీస్తారు కదా, ఆ రెండు మచ్చలు కూడా అప్పుడే తీసేస్తే అయిపోతుంది కదా?’ చేతిపని వరకు చూస్తే వాళ్లడిగింది అసాధ్యమేమీ కాదు. లివర్ అంచున ఉన్న రెండు సెంటీమీటర్ల మచ్చను తీయడం అలవాటున్న చేతికి గంటలోపు పని. అయినా ఆ రోజు దాదాపు అందరికీ కాదనే చెబుతాం. అలా కాదనిపించుకున్నవాళ్లలోనే బహు కొద్దిమందికి ఆరేడు నెలల తర్వాత సరే అంటాం. ఆ మధ్యలో ఏం జరుగుతుందో, సరే అన్నాక థియేటర్లో ఏం జరుగుతుందో, ఈ ఆపరేషన్లు చేసే బృందంలో ఉన్నవాడిగా రాస్తున్నాను.

పాకిన పిత్తాశయ, పిత్తనాళ క్యాన్సర్లకు అన్ని దేశాల్లోనూ ఒప్పుకున్న మొదటి వైద్యం కీమో. గడ్డలు కోసి తీయడం మామూలు చికిత్సల వరసలో లేదు. ఎవరైనా మొదటి రోజే ‘పొట్ట తెరిచి అన్నీ ఊడ్చేద్దాం’ అంటే రెండో అభిప్రాయం తీసుకోవాల్సిందే.

ఇక్కడ చాలామంది పెద్దపేగు క్యాన్సర్‌తో పోలుస్తారు. ‘మా బాబాయికి పేగులోది లివర్‌కి పాకితే తీసేశారు, ఇప్పటికీ తిరుగుతున్నాడు’ అంటారు. నిజమే, పేగు క్యాన్సర్‌లో అది బాగా స్థిరపడిన పద్ధతి. పేగు నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే చేరుతుంది కాబట్టి అక్కడి క్యాన్సర్ చాలాసార్లు కొంతకాలం లివర్ దగ్గరే ఆగుతుంది. పిత్తాశయం తీరు వేరు. దాని గోడ పలచన, పేగు గోడలో ఉండే పొరలన్నీ ఇందులో ఉండవు, లివర్‌కి అంటుకున్న వైపు పైపొర అసలే లేదు. లోపలి పొరలో పుట్టింది కొద్ది మిల్లీమీటర్లు దాటగానే సిరలు, లింఫ్ గ్రంథులు, నరాల వెంట ఉండే సందులు, పొట్టలోపలి పొర, నాలుగు దారులూ తెరుచుకుంటాయి. స్కాన్‌లో రెండు మచ్చలు కనిపిస్తే, కనిపించనివి ఇంకెక్కడో ఉండే అవకాశమే ఎక్కువ. రెండు తీసి ఇంటికి పంపితే మూడో నెల స్కాన్‌లో ఆరు కనిపిస్తాయి. ఈలోగా కోత మానడానికి రెండు నెలలు పోయాయి, ఆ రెండు నెలలూ కీమో లేదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పిత్తాశయం నుంచి బయల్దేరే సన్నని సిరలు నేరుగా పక్కనే ఉన్న లివర్ భాగాల్లోకి, మా లెక్కలో 4బి, 5 నంబరు భాగాల్లోకి, దిగుతాయి. పిత్తాశయం పడక పక్కన ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో కనిపించే చిన్న మచ్చ ఈ దారిన వచ్చినది కావచ్చు. లివర్ ఎడమ కొసన ఉన్న మచ్చను, ఈ పక్క మచ్చను ఒకే గాటన కట్టకూడదు. రిపోర్టులో రెండింటికీ ‘నాలుగో దశ’ అనే రాస్తారు. అందుకే రిపోర్టు చదివి ఊరుకోకుండా బొమ్మలు తెరిచి మచ్చ ఏ భాగంలో ఉందో మా కళ్లతో చూసుకుంటాం. ఫిల్ముల అచ్చు కాకుండా సీడీ తెమ్మని ఒత్తిడి చేసేది ఇందుకే.

మొదటి పని, ఆ మచ్చ నిజంగా క్యాన్సరేనా అని తేల్చడం. ఇది మాటవరసకు చెబుతున్నది కాదు. మన దగ్గర క్షయ ఎక్కువ. పెట్ స్కాన్‌లో వెలిగే ప్రతి లింఫ్ గ్రంథీ క్యాన్సర్ కాదు, పాత క్షయ గ్రంథులూ అలాగే వెలుగుతాయి. ఊపిరితిత్తిలో ఏడెనిమిది మిల్లీమీటర్ల గుళికలు కూడా అంతే. రాళ్లతో ఏళ్లకేళ్లు వాచిన పిత్తాశయం గోడ దళసరెక్కి, లివర్‌లోకి చొరబడినట్టు కనిపించే ఒక వాపు జబ్బు ఉంది, క్సాంథోగ్రాన్యులోమేటస్ అంటారు. సీటీలో దాన్నీ క్యాన్సర్‌నూ విడదీయడం అనుభవం ఉన్న రేడియాలజిస్టుకీ కష్టమే. కామెర్లకు స్టెంట్ (పసరు నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశాక నాళంలో చీము పట్టి లివర్‌లో చిన్న చీముగడ్డలు లేస్తే అవీ పాకిన మచ్చల్లాగే ఉంటాయి. వరసగా ముందు మూడు దశల సీటీ, తర్వాత లివర్‌కి ప్రత్యేకమైన కాంట్రాస్టుతో ఎమ్మారై, ఆపైన పెట్ సీటీ చేస్తాం. సెంటీమీటరు లోపు లివర్ మచ్చలను ఎమ్మారై బాగా పట్టిస్తుంది. దూరపు గ్రంథులు, ఎముకలు చూడటానికి పెట్ అక్కరకొస్తుంది. కానీ పొట్టలోపలి పొర మీద ఆవగింజంత విత్తనాలు రెండింటికీ అందవు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

సూది పరీక్ష దగ్గర రెండు తప్పులు తరచూ చూస్తాం. ఎక్కడికీ పాకని, తీయడానికి వీలున్న పిత్తాశయానికి సూది గుచ్చడం మొదటిది. అక్కడ సూది అక్కర్లేదు, గుచ్చిన దారిలో కణాలు ఒలికే ప్రమాదం ఉంది. రెండోది దానికి తలకిందులు: పాకిందని తెలిసి కీమో మొదలుపెట్టబోతూ, సన్న సూదితో నాలుగు కణాలు తీసి ‘క్యాన్సరే’ అని రాయించుకుని సరిపెట్టుకోవడం. కీమో ఇవ్వాలంటే లావు సూదితో, అంటే కోర్ బయాప్సీతో, పాకిన మచ్చ నుంచే ముక్క తీయాలి. ఆ ముక్క మీద హెర్2, ఎంఎస్ఐ పరీక్షలు, అంటే ఏ ప్రత్యేక మందు పనిచేయవచ్చో చెప్పేవి, జరగాలి. లివర్ లోపలి పిత్తనాళ క్యాన్సర్ అయితే ఎఫ్‌జీఎఫ్ఆర్2, ఐడీహెచ్1 అనే జన్యువుల్లో మార్పులు కూడా చూడాలి, పిత్తాశయంలో అవి అరుదు. హెర్2 పాజిటివ్ పిత్తాశయంలో అంత అరుదేమీ కాదు. దానికి పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందును మన దేశంలోనే తయారుచేస్తున్నారు కాబట్టి ధర కొంత అందుబాటులో ఉంది. ముక్క చాలక ఈ పరీక్ష ఆగిపోతే, తర్వాత గడ్డ కరిగే అవకాశాన్ని మొదట్లోనే పోగొట్టుకున్నట్టు.

కామెర్లు ఉంటే కీమోకు ముందు పసరు (పిత్తరసం) దారి తెరవాలి. ఎండోస్కోపీతో లోపల స్టెంట్ వేయడమో, పక్కటెముకల సందు నుంచి లివర్‌లోకి గొట్టం వేయడమో చేస్తారు. లివర్ ద్వారం దగ్గర నాళాలు రెండుగా మూడుగా చీలేచోట అడ్డం ఉంటే ఏ వైపు నాళాన్ని తెరవాలన్నది ముఖ్యం. రేపు మిగలబోయే లివర్ ఎటువైపుదో ఆ వైపే తెరవాలి. ఇది సర్జన్‌ని అడగకుండా హడావిడిగా చేస్తే తీసేయాల్సిన వైపు స్టెంట్, ఉంచాల్సిన వైపు చీము మిగులుతాయి. ఇంకో చిక్కు సీఏ 19-9 తో, అంటే ఈ క్యాన్సర్ తీరు తెలుసుకోవడానికి చేసే రక్తపరీక్షతో. దాని మామూలు పరిమితి 37. కామెర్లలో, చీములో అది క్యాన్సర్‌తో పనిలేకుండానే వేలల్లోకి పోతుంది. బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల అంకె) దిగాక చేసిన పరీక్షనే మొదటి లెక్కగా పెట్టుకోవాలి. వందలో అయిదు నుంచి పదిమందికి పుట్టుకతోనే ఈ పదార్థం తయారు కాదు. వాళ్లలో ఎంత క్యాన్సర్ ఉన్నా అంకె పెరగదు. అలాంటివారికి సీఈఏ అనే ఇంకో రక్తపరీక్ష చూసుకుంటాం.

ఇక కీమో. మామూలుగా జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్. శరీర వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు జెమ్‌సిటబిన్ 1,000 మిల్లీగ్రాములు, సిస్‌ప్లాటిన్ 25 మిల్లీగ్రాములు, మొదటి రోజు, ఎనిమిదో రోజు. 21 రోజులకు ఒక విడత, మొత్తం ఎనిమిది విడతలు. బ్రిటన్‌లో 410 మందిపై చేసి 2010 లో అచ్చయిన ఏబీసీ-02 పరీక్షలో ఈ జంట తీసుకున్నవాళ్లలో సగం మంది 11.7 నెలలు దాటారు, జెమ్‌సిటబిన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ఆ గడువు 8.1 నెలలు. అదే ఏడాది ఢిల్లీ ఎయిమ్స్ పిత్తాశయ క్యాన్సర్ ఉన్న 81 మందిపై చేసిన పరీక్ష బయటికొచ్చింది. జెమ్‌సిటబిన్‌కు ఆక్సాలిప్లాటిన్ కలిపి ఇస్తే 9.5 నెలలు, కీమో లేకుండా ఉపశమన వైద్యం మాత్రమే అయితే 4.5 నెలలు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ రెండో జంట అక్కరకొస్తుంది. 2022 లో వచ్చిన టోపాజ్-1 పరీక్షలో కీమోకి డర్వాలుమాబ్ అనే ఇమ్యూనో మందు కలిపారు. సగటు లాభం చూస్తే నెలకు కాస్త ఎక్కువ, అంతే. కానీ రెండేళ్లు దాటినవాళ్లు వందలో దాదాపు 25 మంది, కీమో ఒక్కటే అయినవాళ్లలో 10 మంది. లాభం అందరికీ కొద్దికొద్దిగా పంచినట్టు కాక, కొందరికే గట్టిగా దక్కుతుందన్నమాట. మందు ఖరీదు చాలా ఎక్కువ. ఇల్లు తాకట్టు పెట్టి కొనాలా అని అడిగినవాళ్లకు నేను వద్దనే చెబుతాను. ఆంకాలజిస్టుల్లో దీనికి ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

ఈ నెలల్లో ఇంటివాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని. సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజు సెలైన్ సరిగ్గా పడాలి, మెగ్నీషియం తగ్గుతుంది, క్రియాటినిన్ ప్రతిసారీ చూడాలి. ఎనిమిదో రోజు ఇంజెక్షన్‌కి ముందు ప్లేట్‌లెట్లు తగ్గి వాయిదా పడటం మామూలు, దానికి కంగారక్కర్లేదు. స్టెంట్ ఉన్నవాళ్లకు చలితో జ్వరం వస్తే మాత్రం అది ‘కీమో జ్వరం’ కాదు. స్టెంట్ మూసుకుపోయి పసరులో చీము పట్టిందనే అనుకోవాలి, ఆ రాత్రే ఆస్పత్రికి రావాలి. తెల్లారేదాకా పారాసిటమాల్‌తో నెట్టుకొచ్చి, బీపీ పడిపోయి వచ్చిన కేసుల్లో ఆపరేషన్ మాట అటుంచి కీమోయే ఆగిపోతుంది. ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలలకోసారి మార్చాలి, ఆ తేదీ క్యాలెండరులో రాసుకోవాలి. తిండిలో రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలి. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. రెండు గుడ్లు, ఒక పెరుగు గిన్నె, ఒక పప్పు గిన్నెతో అది పూర్తికాదు, లెక్క వేసి చూసుకోండి. ‘క్యాన్సర్‌కి పాలు, మాంసం విషం’ అన్న ప్రచారం నమ్మి గంజి మీద బతికినవాళ్లు ఆల్బుమిన్ (రక్తంలోని మాంసకృత్తి) 2.5 కి పడిపోయి వస్తారు. ఆ స్థితిలో లివర్ కోసేవాళ్లెవరూ ఉండరు.

మూడు లేదా నాలుగు విడతల తర్వాత మళ్లీ స్కాన్. అక్కడ మేం వెతికేది గడ్డ ఎంత కరిగిందన్నది ఒక్కటే కాదు. కొత్తది ఏదైనా లేచిందా అన్నదే ఎక్కువ ముఖ్యం. ఉన్న మచ్చ కొంచెమే తగ్గినా, ఆరు నెలల్లో కొత్త మచ్చ ఒక్కటీ రాకుండా, సీఏ 19-9 దిగి, దిగినచోటే నిలిస్తే ఆ క్యాన్సర్ నెమ్మదైనదని తెలుస్తుంది. సగానికి సగం కరిగినా, పక్కనే రెండు కొత్తవి లేస్తే దాని వేగం మందు వేగాన్ని మించిందని అర్థం. అది ఆపరేషన్‌కి లొంగే రకం కాదు. మొదటి స్కాన్ రోజున ఈ రెండు రకాలూ ఒకేలా ఉంటాయి. వాటిని విడదీసి చూపే పరీక్ష ఇప్పటికి కాలమే. అందుకే మూడు నెలల దగ్గర బాగున్నా ఆగమంటాం, ఆరు నెలల దగ్గర మళ్లీ చూస్తాం. ఇంటివాళ్లకు ఇదే భరించడం కష్టం. ‘తగ్గింది కదా సార్, మళ్లీ పెరగకముందే తీసేయండి’ అంటారు. మళ్లీ పెరిగేదే అయితే, తీశాక కూడా పెరిగేది.

ఇక్కడే ఇంటర్నెట్‌లో కనిపించే వ్యాసాల గురించి చెప్పాలి. పాకిన గడ్డలు తీయించుకున్నవాళ్లు రెండు మూడు రెట్లు ఎక్కువకాలం బతికారని రాసే వ్యాసాలు జపాన్, కొరియా, యూరప్ ఆస్పత్రుల నుంచి వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం పాత ఫైళ్లు తిరగేసి రాసినవి. ఆపరేషన్ బల్ల దాకా రావాలంటే ఆ మనిషి ముందు ఆరు నెలలు బతికి, మందుకు లొంగి, నడిచే స్థితిలో ఉండాలి. రెండో నెలలోనే పోయినవాళ్లు, కామెర్లు తగ్గనివాళ్లు అందరూ ‘ఆపరేషన్ కానివాళ్ల’ పద్దులోకి వెళ్తారు. ఇలా రెండు పద్దులు పోల్చితే కత్తి గొప్పదిగా కనబడక ఏమవుతుంది? ఆ వ్యాసాలు అబద్ధాలని అనను. వాటిలోని రోగులు నిజంగానే ఎక్కువకాలం బతికారు, కానీ అందులో ఎంత భాగం కత్తిది, ఎంత భాగం ఆ క్యాన్సర్ స్వభావానిది అన్నది వాటిని చూసి చెప్పలేం. ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ మాట దాచకూడదు.

చివరికి బల్ల దాకా వచ్చేవాళ్లు ఇలా ఉంటారు: లివర్‌లో ఒకటి నుంచి మూడు మచ్చలు, ఒక వైపునో పిత్తాశయం చుట్టూనో, లేదా పెద్ద రక్తనాళాల మధ్య గ్రంథి ఒకటి ఉండి మందుకు కరిగింది, ఇంకే అవయవంలోనూ లేదు, పొట్టలో నీరు లేదు, పగలంతా మంచం పట్టకుండా తన పనులు తాను చేసుకుంటున్నారు. పొట్టలోపలి పొర మీద విత్తనాలు ఉన్నవాళ్లకు, రెండు మూడు అవయవాల్లో పాకినవాళ్లకు సరే అనం. మూడు సెంటీమీటర్ల లోపు ఒక్క మచ్చ లివర్ లోతులో ఉంటే కోత లేకుండా మైక్రోవేవ్ సూదితో కాల్చడమో, గురిచూసి ఇచ్చే రేడియేషనో కూడా బల్ల మీద పెట్టి మాట్లాడతాం. ఈ నిర్ణయం ఒక్క సర్జన్ తీసుకునేది కాదు, ట్యూమర్ బోర్డులో ఆంకాలజిస్టు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు అందరూ ఉండి రాతపూర్వకంగా తీసుకునేది.

తీశాక మిగిలే లివర్ లెక్క వేయాలి. అరవై కిలోల మనిషి లివర్ సుమారు 1,100 నుంచి 1,200 మిల్లీలీటర్లు. ఆరోగ్యమైన లివర్‌లో నాలుగో వంతు మిగిలినా గట్టెక్కవచ్చు. నెలల తరబడి కీమో తిన్న లివర్‌కు కనీసం 30 శాతం కావాలి, కొవ్వు పట్టి గట్టిపడి ఉంటే 40. 4బి, 5 భాగాలు మాత్రమే తీస్తే ఈ చింత లేదు. కుడి లివర్ మొత్తం తీయాల్సివస్తే మూడింట రెండు వంతులు పోయినట్టే. అప్పుడు కుడి పోర్టల్ సిరను సూది దారిన మూసి, ఎడమ లివర్ పెరిగేదాకా మూడు నుంచి ఆరు వారాలు ఆగుతాం. పాకిన క్యాన్సర్‌కి అంత పెద్ద లివర్ కోత నేను సాధారణంగా ఒప్పుకోను. చిన్న కోతతో తీయగలిగినవాళ్లనే ఎంచుకోవడం మంచిది. చివరి కీమోకూ ఆపరేషన్‌కూ మధ్య నాలుగు వారాలు ఉండాలి. బిలిరుబిన్ 2 లోపు దిగాలి.

థియేటర్లో మొదటి అరగంట పెద్ద కోత ఉండదు. బొడ్డు దగ్గర చిన్న రంధ్రంతో కెమెరా దించి డయాఫ్రం కింది ముఖం, లివర్ పైభాగం, ఓమెంటం (పేగుల మీద వేలాడే కొవ్వు పొర), పేగుల మడతలు, కటి గుంట అన్నీ చూస్తాం. స్కాన్‌కి అందని ఆ ఆవగింజలు ఇక్కడే దొరుకుతాయి. ఢిల్లీలోని జి.బి. పంత్ ఆస్పత్రి సర్జన్లు 409 మంది పిత్తాశయ క్యాన్సర్ రోగులను ఇలా చూసి 2013 లో ప్రచురించారు. అందులో 95 మందికి స్కాన్‌లో తెలియని వ్యాప్తి కెమెరాకి దొరికింది. దాదాపు నలుగురిలో ఒకరు. తెల్లగా కనిపించిన ప్రతి చుక్కనూ తుంచి ఫ్రోజెన్ పరీక్షకు (ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడే చూసే పరీక్ష) పంపుతాం, జవాబుకు ఇరవై ముప్పై నిమిషాలు. క్యాన్సర్ అని వస్తే అక్కడే ఆపి మూసేస్తాం, మనిషి రెండు మూడు రోజుల్లో ఇంటికెళ్లి పది పదిహేను రోజుల్లో కీమో మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ అవకాశం ముందురోజే ఇంటివాళ్లకు చెప్పి ఉంచాలి. ‘లోపలికెళ్లి ఏమీ చేయకుండా వచ్చేశారు’ అని బాధపడేవాళ్లకు, ఏమీ చేయకపోవడం కూడా నిర్ణయమేనని థియేటర్ బయట నిలబడి చెప్పడం అప్పటికప్పుడు కుదిరే పని కాదు.

కెమెరా శుభ్రంగా ఉందంటే కుడి పక్కటెముకల కింద పెద్ద కోత. ముందు లివర్ ముట్టుకోం. డుయోడినంను (చిన్నపేగు మొదటి భాగాన్ని) పక్కకు ఎత్తి, ఎడమ కిడ్నీ సిర కనిపించేదాకా వెనక్కి తెరిచి, పెద్ద ధమనికీ పెద్ద సిరకీ మధ్య ఉండే గ్రంథిని తీస్తాం. మా నంబర్లలో అది 16బి1. దాన్నీ ఫ్రోజెన్‌కి పంపుతాం. ఈ గ్రంథిలో క్యాన్సర్ ఉంటే లెక్క ప్రకారం అది పాకినట్టే, చాలామంది సర్జన్లు అక్కడే ఆపేస్తారు. ముందే స్కాన్‌లో కనిపించి కీమోకి కరిగిన గ్రంథి అయితే వాదన ఉంది. పరీక్షలో చచ్చిన కణాలు, మానిన గాయంలా గట్టిపడిన కండ మాత్రమే ఉంటే ముందుకు వెళ్లడం సబబు. బతికిన కణాలు ఉండి, లివర్‌లోనూ మచ్చ ఉంటే రెండు చోట్లా తీసి లాభం వచ్చిన దాఖలా నా చేతుల్లో లేదు, ఆపేస్తాను.

తర్వాత లివర్ మీద నేరుగా అల్ట్రాసౌండ్ పెట్టి మచ్చలు మళ్లీ లెక్కపెడతాం. కీమోకి బాగా కరిగినవాళ్లలో విచిత్రమైన ఇబ్బంది ఒకటి వస్తుంది: మచ్చ స్కాన్‌లో మాయమైపోయి, బల్ల మీద ఎక్కడ కోయాలో తెలియదు. మాయమైనదంటే చచ్చిందని కాదు. అందుకే రెండు సెంటీమీటర్ల లోపు మచ్చలు ఉన్నవాళ్లకు కీమోకి ముందే పక్కన చిన్న లోహపు గుర్తు పెట్టించడం గురించి ఆలోచించాలి. మొదటి రోజు ఎమ్మారై బొమ్మలు థియేటర్ గోడ మీద ఉండాలి.

పిత్తాశయం, దాని పక్క లివర్ ఒకే ముద్దగా తీస్తాం. పిత్తాశయాన్ని మధ్యలో చీల్చుకుని పసరు ఒలకబోస్తే కణాలు పొట్టంతా చల్లినట్టే. దూరపు మచ్చను చుట్టూ సెంటీమీటరు మంచి కండతో తీయాలని చూస్తాం. లివర్ కోసేటప్పుడు రక్తం తగ్గించడానికి రక్తం వచ్చే తొడిమను 15 నిమిషాలు బిగించి 5 నిమిషాలు వదులుతాం. మత్తు డాక్టరు సెలైన్ తగ్గించి పెద్ద సిరలో ఒత్తిడి 5 లోపు ఉంచుతారు. ఆ ఒత్తిడి 10 ఉంటే సర్జన్ ఎంత నేర్పరి అయినా లివర్ సిరల నుంచి రక్తం ఊరుతూనే ఉంటుంది. పిత్తాశయం తొడిమ (దాని నాళం) కొసను ఫ్రోజెన్‌కి పంపుతాం. అందులో క్యాన్సర్ ఉంటేనే పెద్ద పసరు నాళం తీసి పేగుతో అతుకు వేస్తాం, లేకుంటే నాళం జోలికి పోం. అలవాటుగా నాళం తీసేసే పద్ధతి వల్ల లీకులు పెరగడం తప్ప ఒరిగింది లేదు. లివర్ తొడిమ, క్లోమం వెనక గ్రంథులు తీసేటప్పుడు కనీసం ఆరు లెక్కకు రావాలి. మొత్తం అయిదు నుంచి ఏడు గంటలు.

తర్వాతి పది రోజుల్లో భయపెట్టేవి రెండు. మూడో రోజు నుంచి డ్రెయిన్ (పొట్టలో పెట్టి ఉంచిన గొట్టం) నీటిలో బిలిరుబిన్ రక్తంలోదానికి మూడు రెట్లు ఉంటే పసరు లీకు. గొట్టం సరిగ్గా కూర్చుని ఉంటే చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది, అందుకే తొందరపడి డ్రెయిన్ తీయకూడదు. అయిదో రోజు బిలిరుబిన్ పెరుగుతూ, రక్తం గడ్డకట్టే సమయం పొడుగవుతూ ఉంటే మిగిలిన లివర్ అలసిపోతోందని అర్థం. ఇది ప్రాణం మీదికి తెచ్చేది. ఏడో రోజు జ్వరం వస్తే లోపల ఎక్కడో నీరు కట్టి చీము పట్టిందేమో సీటీలో చూసి సూదితో తీస్తాం. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం మామూలు. మొదటి రోజు నుంచే లేపి నడిపించాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ ఇంటికెళ్లాక కూడా, మొత్తం 28 రోజులు. డిశ్చార్జి సమ్మరీలో ఇది రాసి ఉన్నా మానేసేవాళ్లు చాలామంది.

లీకు, చీము ప్రాణం తీయకపోయినా వాటి అసలు నష్టం వేరు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ మొదలవ్వాల్సిన కీమో పన్నెండు వారాలకు జరుగుతుంది. ఆ ఖాళీలో క్యాన్సర్ తిరగబెడుతుంది.

లివర్ కాని చోట్ల గురించి కొంచెం. ఆడవాళ్లలో అండాశయాలకు పాకి పెద్ద గడ్డగా పెరగడం ఉంది. అక్కడ కీమో సరిగ్గా పనిచేయదు, గడ్డ నొప్పి పెడుతుంది, తీస్తే ఉపశమనం దక్కుతుంది, ఆయుష్షు పెంచుతుందని మాటివ్వలేం. ఊపిరితిత్తిలో ఒకే గుళిక, మొదటి ఆపరేషన్ తర్వాత ఏడాదిన్నర రెండేళ్లకు కనిపిస్తే కెమెరా ఆపరేషన్‌తో తీయవచ్చు, ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిది. పన్నెండు వారాలకు మళ్లీ సీటీ తీసి అది పెరుగుతోందా, ఇంకోటి లేచిందా చూశాకే. రాళ్లకని లాప్రోస్కోపీతో పిత్తాశయం తీసి, తర్వాత క్యాన్సర్ అని బయటపడ్డవాళ్లలో కోత రంధ్రాల దగ్గర గడ్డ లేవడం ఉంది. అది ఒంటరి గడ్డగా కనిపించినా పొట్టలోపలి పొర మీద వ్యాప్తికి గుర్తుగానే తీసుకోవాలి, చర్మం మీద తీసి కుట్టు వేస్తే సరిపోదు. ముందు జాగ్రత్తగా అన్ని రంధ్రాలనూ కోసి తీసే పాత పద్ధతి కూడా ఇప్పుడు లేదు.

తీసిన ముద్ద రిపోర్టులో చూడాల్సినవి: అంచులు శుభ్రమా, ఎన్ని గ్రంథుల్లో ఎన్నింటికి ఉంది, నరాల వెంట పాకిందా, కీమోకి ఎంత శాతం చచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు మూడు నెలలకోసారి సీటీ, సీఏ 19-9. మొదటి ఏడాదిలోనే తిరగబెట్టేవాళ్లు ఎక్కువ, రెండోసారి కోతకు దాదాపు ఎప్పుడూ సరే అనం.

ఖర్చు సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షలు. ముందస్తు అనుమతికి వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు, ట్యూమర్ బోర్డు నిర్ణయం కాగితం మీద ఉంటే తిరుగుళ్లు తగ్గుతాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వ రంగంలో ఉన్నాయి.

ఎవరి దగ్గరికి వెళ్లినా ఫైల్లో ఇవి ఉండాలి: మొదటి రోజు నుంచి ప్రతి స్కాన్ సీడీ, తేదీలతో, బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెలు (రిపోర్టు కాగితం ఒక్కటే కాదు), కామెర్లు తగ్గాక చేసిన సీఏ 19-9, ఏ తేదీన ఏ కీమో ఎంత మోతాదు ఎక్కిందో ఆంకాలజీ షీటు, స్టెంట్ ఏ వైపు నాళంలో ఉందో చెప్పే ఎండోస్కోపీ నోటు. ఎక్కడైనా రాళ్లకని పిత్తాశయం ముందే తీసి ఉంటే ఆ ఆపరేషన్ నోటు కూడా, అందులో పసరు ఒలికిందా, సంచిలో పెట్టి తీశారా అన్నది ఉండాలి. రాయకపోతే ఆ సర్జన్‌కి ఫోన్ చేసి అడిగి, ఆ జవాబును తేదీతో ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టుకోండి.